లైను కింద చెట్టు, పట్టాల పక్కన కంప, గట్టులో పందికొక్కు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల్లో ఇరవై ఏళ్ళకు పైగా కరెంటు లైన్ల వెంట తిరిగినవాణ్ణి. మా బావగారు రైల్వేలో ట్రాకు పని చేసి రిటైరయ్యారు. మేమిద్దరం ఎక్కడ కూర్చున్నా చివరికి మాట చెట్ల మీదకే పోతుంది. చుట్టాలూ, రైతులూ, అపార్టుమెంటు వాళ్ళూ పదే పదే అడిగేవి కొన్ని ఉన్నాయి, ప్రతిసారీ ఫోనులో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

కొమ్మ తీగకి తగలట్లేదు కదా, అయినా ఎందుకు కొడతారు?

ఇవాళ తగలట్లేదు. మీరు చూసింది పొద్దున్నే, గాలి లేనప్పుడు, అందులోనూ చలికాలంలో అయితే తీగ బిగుసుకుని పైకి ఉంటుంది. అదే తీగ మే నెల మధ్యాహ్నం, లోడు మీద ఉన్నప్పుడు వేడెక్కి సాగి కిందికి వేలాడుతుంది. అదే సమయంలో చెట్టేమో పైకి పెరుగుతుంది, గాలివాన వస్తే రెండూ ఊగుతాయి. అందుకే చెట్టుకీ తీగకీ మధ్య ఉండాల్సిన దూరాన్ని ముందే లెక్కగట్టి పెట్టారు: 11 కేవీ (కేవీ అంటే వెయ్యి వోల్టులు) లైనుకి 2.6 మీటర్లు, 33 కేవీకి 2.8, 132 కేవీకి 4, 220 కేవీకి 4.6, 400 కేవీకి 5.5 మీటర్లు. పచ్చికొమ్మలో నీళ్ళుంటాయి కాబట్టి కరెంటు దాని గుండా భూమిలోకి దిగుతుంది. పెద్ద లైన్లలోనైతే కొమ్మ తగలక్కర్లేదు, బాగా దగ్గరికొస్తే గాలిలోనే మంట దూకుతుంది. ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊరికొచ్చే లైను) ట్రిప్పయితే, అంటే దానంతటదే ఆగిపోతే, ఊరంతా చీకటి, ట్రిప్పవకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అప్పుడు ఆ చెట్టును ముట్టుకున్న గేదో మనిషో పోతారు.

ప్రతి ఏడాదీ కొడుతూనే ఉన్నారు, మళ్ళీ పెరుగుతూనే ఉంది. ఈ పనికి అంతే లేదా?

మనం కొట్టే తీరు అలా ఉంది. కత్తి ఎక్కడ అందితే అక్కడ నడిమికి నరికేసి వెళ్ళిపోతే, ఆ మొండెం నుంచి నాలుగైదు పిలకలు నిటారుగా, పాత కొమ్మ కంటే రెట్టింపు వేగంతో లేస్తాయి, అవి చెట్టుకు గట్టిగా అతుక్కోవు కూడా, మొదటి గాలికే విరిగి తీగ మీద పడతాయి. కొమ్మ ఎక్కడ పుట్టిందో ఆ కణుపు దగ్గర శుభ్రంగా కోయాలి. తీగ వైపు పెరిగే కొమ్మలు తీసేసి, పక్కకు పోయేవి ఉంచాలి. అలా కోస్తే చెట్టే దిక్కు మార్చుకుంటుంది. పనెక్కువ, మనుషులు తక్కువ, కాంట్రాక్టరుకి కిలోమీటర్ల లెక్కన డబ్బు, కాబట్టి ఎవరూ అలా కోయరు. నేను సెక్షనులో ఉన్నప్పుడు ఒక ఏడాది ఒకే ఒక్క ఫీడరు మీద ఇలా కోయించి చూశాను. ఆ మరుసటి ఏడాది ఆ ఫీడరుకి కత్తి పట్టాల్సిన చెట్లు సగానికి సగం తగ్గాయి.

ఇక సమయం సంగతి. వానలకు ముందు ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి కొట్టడం అందరికీ తెలిసిందే. కోస్తాలో అది చాలదు. వానాకాలమంతా తాగి పెరిగిన చెట్టు అక్టోబరు తుపానుకి ఎదురు నిలబడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అందుకే సెప్టెంబరులో ఇంకో చుట్టు తిరగాలి.

మాది కోనసీమ. కొబ్బరిచెట్టు పైభాగం మాత్రం కొట్టేసి వదిలేయమంటే కుదరదంటున్నారు, నిజమేనా?

నిజమే. కొబ్బరికీ తాటికీ పెరిగే మొగ్గ ఒక్కటే, అది తలలో ఉంటుంది. మొవ్వ తీసేస్తే చెట్టు చచ్చినట్టే. వేప కొమ్మల్లా కత్తిరించి సర్దుకోవడానికి లేదు. పైగా కొబ్బరి మట్ట పొడవు ఐదారు మీటర్లు, ఎండిన మట్ట జారి పడితే రెండు తీగలనీ కలిపేస్తుంది. అందుకే తోటల మధ్య నుంచి పోయే లైన్లకి ఉత్త తీగ బదులు తొడుగున్న కండక్టరో, ఏబీ కేబులో (తొడుగున్న తీగలన్నీ కలిపి పేనినది) వేయడమే దారి. ఖర్చెక్కువ. కానీ ఏడాదికి వంద బ్రేక్‌డౌన్లు చూసిన ఏ లైన్‌మన్‌ని అడిగినా ఇదే చెబుతాడు. మీ తోటలో కొత్త మొక్క పెట్టేటప్పుడు లైనుకి ఎనిమిది మీటర్ల అవతల పెట్టండి, మీ పిల్లల కాలానికి తగాదా ఉండదు.

నా పొలంలో చెట్టు కొట్టే హక్కు వాళ్ళకెక్కడిది? డబ్బులిస్తారా?

2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ చదవండి. లైనుకి అడ్డమో ప్రమాదమో అయ్యే చెట్టును తీయించే అధికారం అందులో ఉంది. దాంతోపాటే రైతుకి పనికొచ్చే మాట ఇంకోటి ఉంది: లైను వేయకముందు నుంచీ ఉన్న చెట్టయితే పరిహారం ఇవ్వాలి, లైను వేశాక మీరు నాటిందైతే ఇవ్వక్కర్లేదు. కాబట్టి లైను సర్వేకి వచ్చినప్పుడే మీ చెట్లన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి, వీఆర్వో చేత పంచనామా రాయించుకోండి. ఇలాంటి కాగితం లేక పాతికేళ్ళ మామిడికి పైసా రాని రైతులు నాకు తెలుసు.

పెద్ద టవర్ల లైన్ల సంగతి వేరు. 2024 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవరు కాళ్ళ కింది స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింది కారిడారుకి 30 శాతం. అంతకు ముందు 2015 నాటివి 85, 15 శాతాలుండేవి. అవి రాష్ట్రాలకు సూచనలే, మీ జిల్లాలో ఎంత ఇస్తున్నారో కలెక్టరాఫీసులో అడగాలి.

లైను కింద ఏం వేసుకోవచ్చు?

వరి, మినుము, మిరప, కూరగాయలు, పూలు ఏదైనా. నిమ్మ, దానిమ్మ వేసి పొట్టిగా ఉంచుకుంటే గొడవ లేదు. సుబాబుల్, జామాయిల్, టేకు, కొబ్బరి మాత్రం వద్దు. మూడేళ్ళు తిరక్కుండానే సుబాబుల్ తీగని అందుకుంటుంది. ఆయిల్‌పామ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి: చెట్టు కంటే గెలలు కోసే అల్యూమినియం గొట్టం కత్తి ప్రమాదం. కూలీ దాన్ని పైకెత్తి రెండడుగులు పక్కకి నడిచాడంటే పైన తీగ ఉందన్న ధ్యాసే ఉండదు. లైను పక్క వరసలో గెలలు కోసేటప్పుడు ఫైబరు గొట్టమే వాడమని కూలీలకి గట్టిగా చెప్పండి. అదున్నా తీగకు దూరంగానే ఉండాలి, తడిసిన ఫైబరును కూడా నమ్మకూడదు. మామిడి కాయలు దించే ఇనుప దోటికీ ఇదే మాట.

లైన్‌మన్ రావడానికి వారం పడుతుంది, నేనే కొట్టుకోనా?

వద్దు. డిపార్టుమెంటు వాళ్ళే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైను ఆపి పని చేసుకోవడానికిచ్చే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసేది) దించి, ఎర్త్ రాడ్లు తగిలించాకగానీ కొమ్మ మీద చెయ్యి వేయరు. వేయకూడదు కూడా. లైను ఆపినా పక్క ఫీడరు నుంచో, ఎవరింట్లోనో ఇన్వర్టరు, జనరేటరు నుంచో కరెంటు వెనక్కి రావచ్చు. 1912కి ఫోను చేసి కంప్లయింటు నంబరు తీసుకోండి, ఆ నంబరుంటే అడిగే హక్కుంటుంది. స్టే వైరు (స్తంభం ఒరగకుండా నేలకి బిగించే తీగ) మీదికి బీరపాదు, కాకరపాదు పాకించేవాళ్ళకి కూడా ఓ దండం. అందంగానే ఉంటుంది, కాయలు కోసేటప్పుడు షాకు కొడితే తెలుస్తుంది.

పట్టాల పక్క, కాలువ గట్టు మీద సర్కారు తుమ్మ ఎంత కొట్టినా పోదేం?

దీని కథ మన దగ్గరే మొదలైంది, కాస్త వివరంగా చెప్తాను. ఈ చెట్టు అమెరికా ఖండపుది. 1877లో కడప జిల్లా కమలాపురంలో అటవీశాఖ నాటించింది, ఈ దేశంలో దాని తొలి తోటల్లో అదొకటి. వంటచెరకు కరువు తీరుతుందని తెచ్చారు. తీరింది కూడా, అది కాదనలేం. కానీ దాన్నిప్పుడు ఆపేవాళ్ళు లేరు. కోస్తాలో సీమతుమ్మ అన్నా, తెలంగాణలో సర్కారు తుమ్మ అన్నా, సీమలో కంపచెట్టు అన్నా చెట్టొకటే.

పోకపోవడానికి కారణం రెండు చోట్ల ఉంది. ఒకటి వేరుమొదలు. మొగ్గలు నేలకి కాస్త కింద, కాండం వేరుగా మారే చోట నిద్రపోతూ ఉంటాయి. నేల మీద ఎంత నున్నగా నరికినా అవి లేచి ఒక్క కాండం బదులు పదిహేను కాండాల పొద ఇస్తాయి. జేసీబీ బ్లేడుతో పైపైన గీకితే జరిగేది ఇదే. జానెడు లోతుకి, ముదురు చెట్టయితే ఇంకాస్త కిందికి తవ్వి వేరుమొదలు తెగ్గొడితే మళ్ళీ లేవదు. రెండోది కాయ. తియ్యగా ఉంటుంది కాబట్టి మేకలూ పశువులూ ఇష్టంగా తింటాయి, గింజ అరగదు, పేడతోపాటు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. కాబట్టి కాయ ముదిరే లోపు కొట్టాలి, కొట్టిన చోట ఖాళీగా వదలకూడదు. గట్టయితే గడ్డి పరవాలి, రోడ్డు పక్కయితే కానుగో వేపో నాటాలి. నేలని ఖాళీగా వదిలితే ఏం మొలవాలో తుమ్మే నిర్ణయిస్తుంది. ఇది పట్టించుకోకుండా ఏటా జంగిల్ క్లియరెన్స్ అని బిల్లులు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. అర్థమవుతుందనుకోండి, రాయకపోవడమే మంచిది.

బొగ్గు కాల్చేవాళ్ళకి ఇవ్వొచ్చా అంటే ఇవ్వొచ్చు, కానీ వాళ్ళకి కావలసింది కాండం. వేరు తీసి ఇవ్వాలని ఒప్పందంలో రాసుకోండి.

ఆ కంపలో అడవిపందులు చేరి పంట పాడు చేస్తున్నాయి. కంచెకి కరెంటు పెడితే?

పెట్టకండి. లైను మీదికి కొక్కెం వేసి తీగ లాగడం నేరం, పంది కంటే ముందు రాత్రి నీళ్ళు కట్టడానికొచ్చిన పక్క పొలం మనిషే పోతాడు. ఏటా జరుగుతోంది. పందికి పగలు దాక్కోవడానికి చోటు కావాలి, కాబట్టి మీ పొలానికి ఆనుకున్న కంపని వేరుతో తీయించమని పంచాయతీ వెంటపడండి. బ్యాటరీ మీద దడదడలాడించే సోలారు కంచె వేరు, అది ప్రాణం తీయదు.

రోడ్డు పక్క వయ్యారిభామ (పార్థీనియం) కలుపుతో నాకేం నష్టం, అది నా పొలంలో లేదుగా?

అనంతపురం వేరుశనగ రైతుని అడగండి. 2000 ఖరీఫ్‌లో ఆ జిల్లాలో వేరుశనగకి కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చి, దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో మొక్కలు మొవ్వ మాడి చచ్చిపోయాయి. ఆ వైరస్ రోడ్ల పక్క, గట్ల మీద ఉన్న వయ్యారిభామలో పైకి ఏ లక్షణమూ లేకుండా బతుకుతుంది. దాని పుప్పొడి గాలికి వచ్చి వేరుశనగ ఆకు మీద పడుతుంది, అక్కడున్న తామర పురుగులు ఆకుని గీరినప్పుడు వైరస్ లోపలికి పోతుంది. అంటే ఎవరిదీ కాని నేలలో ఎవరూ పీకని కలుపు, పొలంలోని పంటని తినేసింది. పొద్దుతిరుగుడుకి కూడా అదే వైరస్.

పూత రాకముందు, వాన పడి నేల మెత్తబడినప్పుడు పీకాలి, పూత వచ్చాక పీకితే మనమే పుప్పొడి జల్లినట్టు. చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి, కొందరికి దద్దుర్లూ ఆయాసమూ వస్తాయి. లీటరు నీళ్ళకి 200 గ్రాముల ఉప్పు కలిపి పంటలేని చోట కొట్టడం మంచి చిట్కానే, కానీ రైలు పట్టాల దగ్గర, స్తంభాల మొదట్లో వద్దు, ఇనుము తుప్పు పడుతుంది. 1984లో బెంగళూరు దగ్గర వదిలిన మెక్సికో పెంకుపురుగు ఇప్పుడు మన దగ్గర కూడా కనబడుతుంది, వానాకాలంలో వయ్యారిభామ ఆకంతా జల్లెడ చేస్తుంది. అది కనబడితే అక్కడ మందు కొట్టకండి, దాని పని దాన్ని చేయనివ్వండి.

పట్టాల మధ్య నాలుగు గడ్డిపరకలుంటే రైలుకేం అవుతుంది?

మా బావగారు దీనికి చిర్రెత్తిపోతారు. కంకర వేసేది నీళ్ళు నిలవకుండా కిందికి పోవడానికి. గడ్డి మొలిస్తే వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, కంకర బిగుసుకుపోయి నీళ్ళు నిలుస్తాయి, రైలు వెళ్ళినప్పుడల్లా స్లీపరు కింద బురద చిమ్ముతుంది, పట్టా లెవెలు పోతుంది. కీమ్యాన్ రోజూ తన బీటు నడుస్తూ క్లిప్పులు ఊడాయా అని చూసుకోవాలి, గడ్డిలో క్లిప్పు ఎక్కడ కనిపిస్తుంది? పైగా గడ్డిలో రక్తపింజర ఉంటుంది. మలుపుల్లో, లెవెల్ క్రాసింగుల దగ్గర కంప పెరిగితే డ్రైవరుకి గేటు కనబడదు, రోడ్డు మీద వాళ్ళకి రైలు కనబడదు. పైన 25 కేవీ తీగ ఉండనే ఉంది. పట్టాల పక్క మేకలకి ఆకు కోసేవాళ్ళు దోటి ఎత్తకపోతే చాలు.

కాలువ గట్టుకి పందికొక్కులు చేసే నష్టం అంతుంటుందా?

చాలా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళ బ్యాండికూట్ మన పందికొక్కు అన్న మాట నుంచే పోయింది, అంత పేరున్న జీవి. బొరియలు ఒకదాంతో ఒకటి కలిపి తవ్వుతుంది. కాలువ నిండుగా పారుతున్నప్పుడు ఆ బొరియలోకి నీరు దూరి అవతలి వైపు సన్నగా బుంగ పడుతుంది, రాత్రికి రాత్రి అదే గండి. రైల్వే గట్టుకీ, చెరువు కట్టకీ ఇదే కథ.

డెల్టాలో వ్యవసాయ శాఖ సామూహికంగా ఎలుకల మందు పెట్టిస్తుంది: నూకలు 96 పాళ్ళు, నూనె 2, బ్రోమాడియోలోన్ పొడి 2. మంచిదే. కానీ రైతులు చేలలో పెట్టి ఊరుకుంటారు, కాలువ గట్టు ఇరిగేషన్ వాళ్ళది, రోడ్డు గట్టు ఆర్ అండ్ బీ వాళ్ళది, పట్టాల గట్టు రైల్వేది, అక్కడ ఎవరూ పెట్టరు. చేలో ఎలుకలు చచ్చిన పది రోజులకి గట్టు నుంచి కొత్త సంసారాలు దిగుతాయి. పెట్టదలిస్తే నాట్లకి ముందు, చేలల్లో వాటికి తిండి లేనప్పుడు, చేలోనూ గట్టు మీదా ఒకే రోజు పెట్టాలి. ముందురోజు బొరియలన్నీ మట్టితో మూసేయండి, తెల్లారి తెరుచుకున్న వాటిలోనే మందు వేయండి, సగం మందు మిగులుతుంది. వెదురు బుట్టలతో పట్టే యానాదులకి డబ్బిచ్చి పట్టించడం నాకు ఇంకా నచ్చుతుంది. విషం తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే అదీ పోతుంది, బుట్టలో ఆ బెడద లేదు. ఇక గట్టు మీద కంప తీసేస్తే బొరియలు కంటికి కనబడతాయి, అదే సగం పని.

గుర్రపుడెక్కకి మందు కొట్టేస్తే అయిపోదా?

తాగేనీళ్ళ కాలువలో మందా? వద్దు. పైగా చచ్చిన డెక్క కుళ్ళి చేపలు పోతాయి, తూముల్లో అడ్డం పడుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎండిన అడుగు నుంచి లాగి, గట్టు అవతల పోయాలి. గట్టు మీదే పోస్తే మొదటి వానకి మళ్ళీ నీళ్ళలోనే. డెక్కను తినడానికి 1980ల్లో దేశానికి తెచ్చిన ముక్కు పురుగులు నిలవ నీళ్ళలో పనిచేస్తాయి, పారే కాలువలో అంతంతమాత్రం.

గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టొచ్చా, వద్దా?

మన దేశంలో దానికి అనుమతి తేయాకు తోటలకీ, పంటలేని నేలలకీ. 2022 అక్టోబరులో కేంద్రం ఇంకో నోటిఫికేషన్ ఇచ్చి, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళ చేతనే కొట్టించాలంది. కూలీకి చెంబూ డబ్బా ఇచ్చి పంపే పని కాదు. గాలికి పక్కనున్న పత్తి మీద పడితే ఆ తగాదా పోలీస్ స్టేషనుదాకా పోతుంది. మొద్దుకి మందు పూయాలంటే నరికిన వెంటనే, నిమిషాల్లో, తడి ఆరకముందే కుంచెతో పూయించాలి. మర్నాడు పూస్తే నీళ్ళు పూసినట్టే. పారాక్వాట్ అనే ఇంకో కలుపుమందు జోలికి మాత్రం పోకండి, పొరపాటున మింగితే విరుగుడు లేదు.

మా కాలనీలో వీధుల వెంట నాటిన కోనోకార్పస్ చెట్లు కొట్టించమంటున్నారు. అంత చెడ్డదా?

గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటొద్దన్నాయి. కాకినాడలో కొట్టడం మొదలుపెడితే విషయం హైకోర్టుకి వెళ్ళింది. పుప్పొడితో ఎలర్జీ, వేళ్ళతో పైపులకి దెబ్బ అని ఫిర్యాదులు. నా ఉద్దేశం చెప్తాను: కొత్తవి నాటొద్దు, ఉన్నవాటిని పూతకి రానీయకుండా కత్తిరిస్తూ, పక్కన వేరే మొక్క ఎదిగాక తీయండి. ఒక్క రోజులో వీధంతా బోడి చేస్తే ఆ ఎండ మీరే భరించాలి. ఒకే జాతిని వేలల్లో నాటడమే అసలు తప్పు. విశాఖలో ఏడాకుల పాల చెట్టు సంగతీ అంతే, ఒక చెట్టుంటే సువాసన, వీధి నిండా ఉంటే అక్టోబరు, నవంబరు రాత్రుళ్ళు తలనొప్పి.

హైదరాబాదు నుంచి చేవెళ్ళ పోయే దారిలో, రోడ్డు వెడల్పు కోసం కొట్టాలన్న పాత మర్రిచెట్లు దీనికి పూర్తిగా విరుద్ధం, వాటిని కోనోకార్పస్‌తో కలిపి మాట్లాడకండి. సొంత స్థలంలో చెట్టయినా సరే, చాలా జాతులకి కొట్టే ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి.

కాకిగూళ్ళు, ఉడతలు, కోతులు?

కాకి ఇప్పుడు పుల్లలతోపాటు ఇనుప తీగముక్కలు కూడా గూట్లో పెడుతోంది, అది జారితే ఫీడరు ఔట్. గుడ్లు పెట్టకముందే తీయించాలి. ట్రాన్స్‌ఫార్మరు బుషింగులకి తొడుగులు వేస్తే ఉడతా బతుకుతుంది, ఫ్యూజూ బతుకుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె దగ్గర అన్నం పారబోయకండి, కోతులు అందుకే వస్తాయి.

వంతెన గోడలో రావిమొక్క మొలిచింది, పీకితే పాపమా?

అరచెయ్యంత ఉన్నప్పుడు వేరుతో తీసి పంచాయతీ స్థలంలో నాటండి, పాపం ఉండదు. నాలుగేళ్ళాగితే వేరు రాళ్ళ సందుల్లోకి పోయి గోడనే విప్పుతుంది, అప్పుడు పీకడం కూడా కుదరదు.

కొట్టిన కొమ్మలు, ఎండుగడ్డి అక్కడే తగలబెట్టేస్తే తేలిక కదా?

లైను కింద మంట పెడితే పొగా వేడీ కలిసి పెద్ద లైన్లు సైతం ట్రిప్పవుతాయి. చెరకు ఆకు, వరి కొయ్యలు తగలబెట్టే రోజుల్లో ఇది మామూలే. నేల కింద ఫోను కేబుళ్ళు, నిరుడు నాటిన మొక్కలు కూడా కాలతాయి. కొమ్మలు మీ చెట్టువైతే మీవే, రోడ్డు చెట్టువైతే ఆ శాఖవి, అడిగి తీసుకోండి. ఎవరూ తీసుకోకపోయినా రోడ్డు పక్క కాలవలోకి మాత్రం తోయకండి, జూన్‌లో మొదటి వానకి అవన్నీ కొట్టుకొచ్చి కల్వర్టు గొట్టంలోనే ఇరుక్కుంటాయి.